రాయబారి గోడ... బస్తీ గోడు

2017 నవంబరులో చార్మినార్ చుట్టుపక్కల చేతులు చాచేవాళ్ళు ఉన్నట్టుండి పలచబడ్డారు. జుమ్మా నమాజు అయ్యాక మక్కా మసీదు ముందు బారులు తీరే ముసలివాళ్ళు, మదీనా చౌరస్తాలో ఆటోల మధ్య తిరిగే తల్లులు ఎటు పోయారన్నదానికి జవాబు పోలీసు కమిషనర్ ఉత్తర్వులో దొరికింది. నవంబరు 8 నుంచి 2018 జనవరి 7 దాకా నగరం రోడ్ల మీద భిక్షాటన నిషేధం. పట్టుబడినవాళ్ళను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ‘ఆనందాశ్రమాల’కు పంపారు. పేరైతే బాగుంది. కాగితం మీద చూపిన కారణం ట్రాఫిక్‌కు అడ్డం, జనానికి ఇబ్బంది. ఊరంతా చెప్పుకున్న కారణం ఒక్కటే: ఇవాంకా ట్రంప్ వస్తోంది.

నవంబరు 28 రాత్రి ఫలక్‌నుమా కొండ మీద విందు. వందా ఒక్క మంది ఒకేసారి కూర్చోగల భోజనాల బల్ల ఉన్న ప్యాలెస్ అది. ప్రధాని మోదీ ఆతిథ్యం, అమెరికా ప్రతినిధి బృందానికి నాయకురాలిగా అధ్యక్షుడి కూతురు. కొండ మీద దీపాలు, కొండ కింద బందోబస్తు. ఆమె వచ్చింది మాదాపూర్‌లో జరిగిన పారిశ్రామికవేత్తల సదస్సుకు, దాని నినాదం ‘మహిళలకే తొలిపీట’. ఆ నినాదం కోసం వేసిన బారికేడ్ల ఇవతల బండి తిప్పుకుని ఇంటిదారి పట్టిన పండ్లమ్ముకునే ఆడవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ఇంకో ముచ్చట కూడా ఆ రోజుదే. అదే మధ్యాహ్నం మియాపూర్‌లో ప్రధాని హైదరాబాద్ మెట్రోను ప్రారంభించారు. మెట్రో మొదటి ప్రణాళికలోనే జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఒక లైను ఉంది. 2020 ఫిబ్రవరికి అది ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. మూసీ దాటలేదు. పాతబస్తీ మెట్రోకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేసింది 2024 మార్చి 8న. అతిథి కాన్వాయ్‌కి ఒక్క సాయంత్రంలో ఖాళీ అయిన ఊళ్ళోనే స్థానికుడి రైలుకు ఇన్నేళ్ళు దారి దొరకలేదు.

పాతబస్తీకి ఇది కొత్త కాదు. 2000 మార్చిలో క్లింటన్ వచ్చినప్పుడూ బిచ్చగాళ్ళను రోడ్ల మీద నుంచి తప్పించారు. 2025 మే 13న ప్రపంచ సుందరి పోటీదారులు చార్మినార్, లాడ్ బజార్‌లలో నడిచి చౌమహల్లాలో విందుకు వెళ్ళినప్పుడూ ట్రాఫిక్ మళ్ళింపులు, తనిఖీలు షరా మామూలే. గాజుల దుకాణాలు ఫొటోల్లో మెరిశాయి. ఫుట్‌పాత్ మీద చెప్పులు, దుప్పట్టాలు పరుచుకునేవాళ్ళు ఆ పూట ఫొటోల్లో ఉండరు, రోడ్డు మీదా ఉండరు. విదేశీ జెండా ఊళ్ళోకి వస్తే ఎవరో ఒకరు పక్కకు జరగాలి. ఆ ‘ఎవరో ఒకరు’ ఎప్పుడూ ఒకే రకం మనుషులు. ఈ కథనం వాళ్ళ గురించే. అయితే దాన్ని రెండు వందల ఏళ్ళ వెనక నుంచి మొదలుపెట్టాలి.

మ్యాపు చిన్నదైతే చాలు

ఇవాళ పాతబస్తీ గల్లీల్లో ఏ పరాయి దేశపు జెండా ఎగరదు. అమెరికా కాన్సులేట్ నానక్‌రాంగూడలో, ఇరాన్‌ది బంజారాహిల్స్‌లో. పూర్తిస్థాయి రాయబార కార్యాలయాలకు ఢిల్లీలో చాణక్యపురి ఉండనే ఉంది. కానీ ఒకప్పుడు హైదరాబాదే ఒక రాజధాని. ఇక్కడి దర్బారుకు పరాయి రాజ్యాలు రాయబారుల్ని పంపేవి. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకుని, కొలువులో ఉన్న ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేశాక వాళ్ళందరిలోకీ గట్టిగా నిలిచినవాడు ఒక్కడే, బ్రిటిష్ రెసిడెంట్.

అప్పటి రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్. మూసీకి ఉత్తరపు గట్టున పెద్ద భవంతి కట్టుకోవాలనుకున్నాడు. దాని మీద ఒక కథ ఉంది. అరవై ఎకరాల చిల్లర నేలను కొలిపించి, పెద్ద కాగితం మీద నక్షా గీయించి నిజాం ముందు పరిచాడట. నిజాం అటూ ఇటూ చూసి కుదరదన్నాడు. రెసిడెంట్ చిన్నబోయి నిజాం కొలువులోని మీర్ ఆలంను కారణం అడిగితే, ‘మీరు చూపించిన నక్షా మా రాజ్యం మొత్తం నక్షా అంత ఉంది, ప్రభువులు హడలిపోయారు’ అన్నాడట. అదే నేలను అట్టముక్కంత కాగితం మీద గీసి తెస్తే మరుక్షణం సరేనన్నారట. నిజమెంతో గానీ, పరాయివాడి ప్రహరీకి ఎంత నేల పోతుందో ఇచ్చేవాడికి తెలియకపోవడం ఆ కథలోనే కాదు, ఆ తర్వాతా ఉంది.

మద్రాసు ఇంజినీరు శామ్యూల్ రస్సెల్ గీసిన ఆ భవనమే కోఠి రెసిడెన్సీ. ఎత్తైన స్తంభాలు, విశాలమైన మెట్లు, మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలు. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల అందులోకి వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం.

కర్క్‌పాట్రిక్ నాటి రెసిడెన్సీకి, ఆ తర్వాతి రెసిడెన్సీకి తేడా ఉంది. ఆయన హైదరాబాదీ దుస్తులు వేసుకునేవాడు, ఉర్దూ, ఫారసీ మాట్లాడేవాడు. ఊళ్ళోని ఉన్నత కుటుంబపు అమ్మాయి ఖైరున్నీసాను పెళ్ళాడి, ఆమె కోసం తోటలో రంగమహల్ కట్టించాడు. రాయబారికి ఊళ్ళో అత్తారిల్లు ఉంటే పహరా సంగతి వేరేగా ఉంటుంది. పైగా ఆ రోజుల్లో గోడ మనది. మూసీకి దక్షిణాన ఊరి చుట్టూ కోటగోడ, దర్వాజాలు. రాత్రయితే మూసేవాళ్ళు. తెల్లదొరలు ఊరు చూడాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. ఏనుగునెక్కి, వెంట సిపాయిల్ని పెట్టుకుని వచ్చేవాళ్ళు. భద్రత పేరుతో అతిథిని ఊరు ఆపిన కాలం అది. ఆ దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి పురానాపూల్, దబీర్‌పురా రెండే.

ఆ లెక్క తిరగబడటానికి ఒక్క రాత్రి సరిపోయింది.

పుత్లీబౌలి మేడల మీంచి

1857 జులై 17. శుక్రవారం. ఉత్తరాన ఢిల్లీ తిరగబడి రెండు నెలలు దాటింది. హైదరాబాద్‌లో నిజాం నాసిరుద్దౌలా మేలో కన్నుమూశాడు, అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. రెసిడెంట్ కుత్‌బర్ట్ డేవిడ్‌సన్ వచ్చి కొన్ని నెలలే. దివాను మొదటి సాలార్ జంగ్ ఇంగ్లిష్‌వాళ్ళ పక్షం. మసీదు గోడల మీద కరపత్రాలు, బజార్లో గుసగుసలు. అప్పుడే హైదరాబాద్ కంటింజెంట్ పటాలం నుంచి తిరగబడి పారిపోయి వచ్చిన జమేదారు చీదా ఖాన్, అతని మనుషులు ఊళ్ళో దొరికిపోయారు. సాలార్ జంగ్ వాళ్ళను రెసిడెన్సీకి అప్పగించాడు. ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళను ఫిరంగీలకు అప్పగించడం ఊరికి ముల్లులా గుచ్చుకుంది.

మక్కా మసీదులో నమాజు అయ్యాక వాళ్ళను విడిపించాలన్న మాట లేచింది. మౌల్వీ అల్లావుద్దీన్, బేగంబజార్ రోహిల్లా వీరుడు తుర్రేబాజ్ ఖాన్ ముందు నడిచారు. జనం నోట ఆయన తుర్రం ఖాన్. వెంట కొన్ని వందల మంది. సాలార్ జంగ్ ముందే కబురు పంపడంతో రెసిడెన్సీ ఫిరంగులు సిద్ధం చేసుకుంది.

ఇక్కడొక చిన్న విషయం అసలు కథంతా మార్చేసింది. తిరుగుబాటుదారులు ఎదురుగా వచ్చి తలుపు బాదడంతో ఆగలేదు. రెసిడెన్సీ తోటకు పడమర, పుత్లీబౌలి వైపు, గోడను ఆనుకుని ఇద్దరు షావుకార్ల మేడలున్నాయి. అబ్బన్ సాహెబ్‌ది ఒకటి, జయగోపాల్ దాస్‌ది ఒకటి. ఆ మేడలెక్కితే రెసిడెన్సీ తోట అరచేతిలో ఉన్నట్టే. రోహిల్లాలు వాటిని పట్టుకుని, తోట గేటు విరగ్గొట్టి, రాత్రంతా పైనుంచి తుపాకులు పేల్చారు. కింద నుంచి మద్రాసు ఫిరంగి దళం గుళ్ళు కురిపించింది. తెల్లవారేసరికి మేడల వెనక గోడలు పగలగొట్టుకుని మిగిలినవాళ్ళు ఊళ్ళోకి జారిపోయారు.

తుర్రేబాజ్ ఖాన్ దొరికాడు. యావజ్జీవ ప్రవాస శిక్ష పడింది. 1859 జనవరిలో చెర నుంచి తప్పించుకున్నాడు. తలకు 5,000 రూపాయల వెల కట్టారు. కొద్దిరోజుల్లోనే తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని తెచ్చి ఊళ్ళో వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. తిరిగి రాలేదు, అక్కడే పోయాడు. కోఠి బస్టాపు దగ్గర ఆ ఘటనకు స్మారక స్తూపం ఉంది, పక్క రోడ్డుకు తుర్రేబాజ్ ఖాన్ పేరుంది. ఆ పేరు మీదుగా రోజూ లక్షల మంది నడుస్తారు. ఎందుకా పేరో అడిగితే చెప్పగలిగేవాళ్ళు తక్కువ.

అదే ఏడాది, అంటే 1859 మార్చి 15న, నిజాం దర్బారు ముగించుకుని సాలార్ జంగ్‌తో కలిసి బయటికి వస్తున్న డేవిడ్‌సన్ మీద జహంగీర్ ఖాన్ అనే రోహిల్లా తుపాకీ పేల్చాడు. గురి తప్పింది. కత్తి దూసి మీదికి ఉరికినవాణ్ణి అక్కడికక్కడే నరికేశారు.

ఈ రెండు దెబ్బలతో దొరల ఆలోచనే మారిపోయింది. రెసిడెన్సీ ప్రహరీని బలపరిచి బురుజులు కట్టించారు. అత్తారింటి రాయబారం పోయి కోట రాయబారం వచ్చింది. ఖైరున్నీసా రంగమహల్‌ను కూల్చేశారు. 1860లో బొల్లారంలో కట్టిన భవనం ఊరికి దూరంగా, పటాలాల మధ్య రెసిడెంట్‌కు రెండో ఇల్లయింది. అదే నేటి రాష్ట్రపతి నిలయం. 1857 ఇచ్చిన పాఠాన్ని పోలీసు భాషలో చెబితే ఒక్క ముక్క: గోడకు ఆనుకుని ఎవరి మేడా ఉండకూడదు.

షావుకార్లు ఏ పాపం చేశారు? వాళ్ళు తిరగబడలేదు, ఫిరంగులూ పేల్చలేదు. గోడ పక్కన ఇల్లు కట్టుకోవడమే వాళ్ళ తప్పు. ఆ రాత్రి రెండు వైపుల దెబ్బా వాళ్ళ మేడలకే తగిలింది. హైదరాబాద్‌లో రాయబారి భద్రతకు మూల్యం చెల్లించిన తొలి పొరుగువాళ్ళుగా నేను వాళ్ళనే లెక్కిస్తాను.

గోడ నీడన బతికినవాళ్ళు

కథను ఇక్కడితో ఆపితే అన్యాయం. గోడకు నీడ కూడా ఉంటుంది. రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు నిజాం అధికారం కింద కాకుండా రెసిడెంట్ అధికారం కింద ఉండేవి. రెసిడెన్సీ బజార్లు అనేవాళ్ళు. అక్కడి పోలీసు వేరు, కోర్టు వేరు. నిజాం సర్కారు జవాను ఆ హద్దు దాటి ఎవరినీ లాక్కుపోలేడు. దాంతో గుజరాతీ, మార్వాడీ వడ్డీ వ్యాపారులు, బట్టల వర్తకులు, ఊరి పెద్దలతో తగాదా పడినవాళ్ళు అక్కడికి చేరారు. అప్పు తీసుకున్న జాగీర్దారు ఎగ్గొడితే నిజాం కొలువులో న్యాయం దొరకదేమోనన్న భయం షావుకారుది. దొర గోడ పక్కనుంటే ఆ భయం సగం తగ్గేది.

తెలుగువాళ్ళకు ఆ నీడ ఇంకో రకంగా కలిసొచ్చింది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది ఈ ప్రాంతంలోనే, రావిచెట్టు రంగారావు ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివాళ్ళు వెనక నిలిచారు. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావలసిన రాజ్యంలో, తెలుగు పుస్తకం చదువుకోవడానికి నాలుగు బెంచీలు వేసుకునే చోటు దొరకడమే గొప్ప. ఆర్యసమాజం కూడా అంతకుముందే అక్కడ కాలూనింది. తెలంగాణలో తెలుగు ఉద్యమానికి పురుడు పోసిన వీధులు ఒక పరాయి రాయబారి రక్షణ వలయం అంచున ఉన్నాయంటే ఇప్పుడు వింతగానే ఉంటుంది. రెసిడెంట్‌కు మన భాష మీద ప్రేమేమీ లేదు. తన హద్దులో నిజాం పెత్తనం లేకపోవడమే ఆయనకు కావలసింది. మనవాళ్ళు ఆ సందులోంచి దూరారు.

1933లో ఆ బజార్లు మళ్ళీ నిజాంకు దఖలు పడ్డాయి. సుల్తాన్ బజార్ అయింది. 1947 నవంబరు 29న నిజాంకూ భారత్‌కూ మధ్య యథాతథ ఒప్పందం కుదిరాక భారత ప్రభుత్వ ప్రతినిధిగా కె.ఎం. మున్షీ హైదరాబాద్ వచ్చినప్పుడు కూడా ఆయన మకాం ఎక్కడన్నది పెద్ద పేచీ. చివరికి ఆయన ఉన్నది ఊళ్ళో కాదు, బొల్లారంలో. ఎవరి రాయబారి అయినా సరే, తొంభై ఏళ్ళ కిందటి పాఠమే నడిచింది. ఊరికి దూరంగా.

వంద అడుగులు

దూరం ఎందుకో వివరంగా చెప్పాలి. లేకపోతే ఇది బారికేడ్ల మీద కోపంతో రాసిన వ్యాసంలా మిగులుతుంది.

1983 ఏప్రిల్‌లో బీరూట్‌లో అమెరికా ఎంబసీ మీద వ్యాను బాంబు పేలి 63 మంది పోయారు. ఆ తర్వాత వేసిన ఇన్‌మన్ కమిటీ ఎంబసీ భవనానికీ రోడ్డుకూ మధ్య వంద అడుగులు వదలమంది. పైసలు లేవు, స్థలాలు దొరకవు అని చాలాచోట్ల వాయిదా వేశారు. 1998 ఆగస్టు 7న నైరోబీ, దారెస్సలాంలలో ఒకే ఉదయం రెండు ఎంబసీలు పేలాయి. 224 మంది చచ్చిపోయారు. ఒక్క నైరోబీలోనే 213 మంది. వాళ్ళలో అమెరికన్లు 12 మంది. మిగతావాళ్ళలో ఎక్కువమంది బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, పక్క ఆఫీసుల్లో పనిచేసుకునేవాళ్ళు. ఎంబసీ పక్కనున్న ఉఫుండి భవనం మొత్తం కుప్పకూలింది. 2017 మేలో కాబూల్‌లో జర్మన్ ఎంబసీ దగ్గర ట్రక్కు పేలినప్పుడూ పోయినవాళ్ళు ఎక్కువగా ఆ ఊరివాళ్ళే. గోడకు ఆనుకున్న షావుకారు మేడ కథే, ప్రాణాలు మాత్రం వందల్లో.

అందుకే 1999లో అమెరికా చట్టమే చేసింది. కొత్తగా కట్టే ప్రతి ఎంబసీ, కాన్సులేట్ వంద అడుగులు వెనక్కి ఉండాలంది. పొరుగువాడి కోణంలో చూసినా ఆ దూరం మంచిదే. ఇరుకు ఊళ్ళలో అంత జాగా దొరకదు గనక ఎంబసీలు ఊరి చివరికి నడిచాయి. లండన్‌లో అమెరికా ఎంబసీ గ్రోవెనర్ స్క్వేర్ నుంచి థేమ్స్ దాటి నైన్ ఎల్మ్స్‌కు 2018లో మారింది. అంతకుముందు గ్రోవెనర్ స్క్వేర్ ఇళ్ళవాళ్ళు బారికేడ్ల మీద ఏళ్ళ తరబడి గొడవ చేశారు. వాళ్ళు సంపన్నులు, నోరున్నవాళ్ళు. వాళ్ళ గోడు పత్రికలకెక్కింది.

మన ఊళ్ళో కథ చూడండి. 2006 మార్చి 3న హైదరాబాద్ వచ్చిన జార్జి బుష్ ఇక్కడ కాన్సులేట్ పెడతామన్నాడు. 2008లో బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో అది తెరుచుకుంది. ఫలక్‌నుమాను నిజాంకు వదులుకున్న వికారుల్ ఉమ్రాయే ఈ ప్యాలెస్ కట్టించుకున్నాడు. అమెరికావాళ్ళు రాకముందు అందులో ఉన్నది హుడా, నగరానికి ప్లాన్లు గీసే సంస్థ. ఊరి ఫుట్‌పాత్‌ల లెక్క చూడాల్సిన భవనం ముందే ఊరివాళ్ళు నిలబడటానికి వీల్లేని ఫుట్‌పాత్ తయారైంది.

బేగంపేట చిరాన్ ఫోర్ట్ లేన్‌లో వీసా కోసం పిల్లలతో వరసకట్టిన తల్లిదండ్రుల్ని తెలుగునాట చూడనివాళ్ళు తక్కువ. కరీంనగర్ నుంచి, గుంటూరు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఫైలు చంకలో పెట్టుకుని దిగేవాళ్ళు. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు అయిపోయి ఉండేవి. లోపలికి ఫోన్ తీసుకుపోకూడదు, సంచి తీసుకుపోకూడదు. బయట పిల్లవాడి కోసం కాచుకున్న తండ్రికి కూర్చోవడానికి అరుగుండదు, తాగడానికి నీళ్ళుండవు. ఎక్కువసేపు నిలబడితే పోలీసు ‘ఆగే నడవండి’ అంటాడు. అదీ బందోబస్తే.

2023 మార్చి 20న కాన్సులేట్ నానక్‌రాంగూడకు మారింది. 12.3 ఎకరాలు, 34 కోట్ల డాలర్ల కట్టడం. భద్రత రీత్యా అది సరైన నిర్ణయం. బేగంపేటవాసులకు ఊపిరాడింది. పాతబస్తీ నుంచి చూస్తే మాత్రం ఊరికి ఒక చివర ఇల్లు, ఇంకో చివర వీసా. వేలిముద్రలకు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ దగ్గరి కేంద్రానికి ఒకసారి, ఇంటర్వ్యూకు నానక్‌రాంగూడకు ఇంకోసారి. శాలిబండ నుంచి, యాకుత్‌పురా నుంచి బయల్దేరే అమ్మకు మెట్రో అందాలంటే ముందు పాతబస్తీ దాటాలి. షికాగో డెవాన్ అవెన్యూలో కొడుకు దుకాణం పెట్టుకున్నాడు, మనవణ్ణి చూడాలి. ఆ వంద అడుగులు ఆమె లెక్కలో రెండు ఆటోలు, ఒక రైలు, ఒక పూట.

దూరం పెరిగితే ఖర్చు పోదు. భుజం మారుతుంది.

బారికేడ్లు కదులుతాయి

అతిథి రాయబారిని కాపాడటం ఆతిథ్యమిచ్చే రాజ్యం బాధ్యత. 1961 వియన్నా ఒప్పందం ఎంబసీల విషయంలో, 1963 ఒప్పందం కాన్సులేట్ల విషయంలో ఈ మాటే చెబుతాయి. చొరబాటు జరగకుండా, నష్టం కలగకుండా, ప్రశాంతతకు, గౌరవానికి భంగం రాకుండా చూడాలి. మనకిది వియన్నా నేర్పిన సంగతి కూడా కాదు. లంకలో హనుమంతుణ్ణి చంపమన్నప్పుడు విభీషణుడు అడ్డుపడింది దూత అనే కదా. హస్తినకు వచ్చిన కృష్ణుణ్ణి కట్టేయాలని చూసిన దుర్యోధనుణ్ణి తిరుపతి వెంకట కవుల నాటకం చూసిన పల్లె జనం ఎన్ని వేల రాత్రులు తిట్టుకుని ఉంటారు! రాయబారికి రక్షణ ఇవ్వాలా వద్దా అన్నది మన ప్రశ్నే కాదు. ఆ ఒప్పందాల్లో పొరుగింటివాడి గురించి ఏముందన్నదే ప్రశ్న. ఏమీ లేదు. ఆ బాధ్యత కూడా ఆతిథ్యమిచ్చే ప్రభుత్వానిదే.

ప్రభుత్వం తలుచుకుంటే బారికేడ్ ఎంత తేలికో ఢిల్లీలో చూశాం. 2013 డిసెంబరు 12న న్యూయార్క్‌లో మన దౌత్యాధికారి దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేశారు. అయిదు రోజుల్లో, 17న, చాణక్యపురిలో అమెరికా ఎంబసీ ముందున్న కాంక్రీటు దిమ్మెల్ని యంత్రాలు తెచ్చి లేపేశారు. 2023 మార్చిలో లండన్‌లోని మన హైకమిషన్ మీద దాడి జరిగాక ఇక్కడి బ్రిటిష్ హైకమిషన్ ముందు బారికేడ్లు కూడా అలాగే పోయాయి. నిన్నటిదాకా కదపరాని భద్రత ఒక్క మధ్యాహ్నంలో కదిలింది. దేశానికి కోపం వచ్చింది గనక. ఇన్నేళ్ళూ ఆ దిమ్మెల మధ్య దారి వెతుక్కున్న బాటసారికి కాళ్ళు నొప్పెడితే కదల్లేదు.

అంటే మన దగ్గర బందోబస్తులో రెండు రకాలున్నాయి. ప్రాణం కాపాడేది ఒకటి. మర్యాద చూపించేది ఒకటి. వాహనం దూసుకురాకుండా దిమ్మె వేయడం మొదటి రకం. ముసలి బిచ్చగత్తెను జైలు ఆవరణకు పంపడం రెండో రకం. ఆమె దగ్గర బాంబుండదు, అతిథి కంటపడితే మన పరువు పోతుందన్న భయమే. మొదటిదానికి సర్దుకుపోవచ్చు. రెండోదానికి భద్రత అన్న పేరు వాడుకునే హక్కు ఎవరికీ లేదు. ఇందులో నాకు సందేహం లేదు.

పాతబస్తీలో బందోబస్తు బరువు ఇంకోచోట కన్నా ఎక్కువే. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన నాటి నుంచి జుమ్మా రోజు తనిఖీలు బతుకులో భాగమైపోయాయి. అర్ధరాత్రి గల్లీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సెర్చ్‌లు చూసిందీ ఈ బస్తీలే. పండుగలకు, ఊరేగింపులకు నాకాబందీ మామూలు. అందుకే ఎవరో విదేశీ అతిథి కోసం ఇంకో బారికేడ్ వేస్తే ఇక్కడివాళ్ళు పెద్దగా గొడవ చేయరు. వాళ్ళ ఓర్పును ఒప్పుకోలు అనుకోవడం అధికారుల సౌకర్యం.

చట్టాలు లేక కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం బండివాణ్ణి చోటు నుంచి తొలగించాలన్నా తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కిందికే వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అతిథి పర్యటన ఒక్క పూటదే, 30 రోజుల నోటీసు ఎలా కుదురుతుంది అని పోలీసులు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మరి ఆ ఒక్క పూట కూలి ఎవరివ్వాలి? మినార్ల కింద ఖుబానీలు, ముత్యాల దండలు అమ్ముకునేవాడికి సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకానే బేరం. ఆ నాలుగు గంటలు పోతే రోజు పోయినట్టే. అంతర్జాతీయ సదస్సుకు రోడ్లు వేస్తాం, గోడలకు రంగులు వేస్తాం, విద్యుద్దీపాలు కడతాం. అన్నింటికీ బిల్లులుంటాయి. బండివాడి నష్టానికే బిల్లు లేదు.

చేయగలిగినవి పెద్ద పనులు కావు. ఏ రోడ్డు ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తెరుస్తారో మూడు రోజుల ముందు తెలుగులోనూ ఉర్దూలోనూ గల్లీ మొగలో అంటించండి, మసీదు మైకులో, గుడి మైకులో చెప్పించండి. ప్రతి బారికేడ్ మీద ఎత్తేసే తేదీ రాయండి. తేదీ దాటితే అది భద్రత కాదు, ఆక్రమణ. ప్రసూతి ఆసుపత్రికి, డయాలిసిస్‌కు వెళ్ళేవాళ్ళ దారి ఏ కాన్వాయ్ కోసమూ మూయకండి. వీసాకు వచ్చినవాళ్ళతో పాటు వచ్చినవాళ్ళకు కాన్సులేట్ రోడ్డులో ఒక నీడ, ఒక మంచినీళ్ళ కుళాయి, సంచి పెట్టుకునే చోటు నగరపాలక సంస్థ కట్టించలేనిది కాదు. బండ్లు తీయించిన పూటకు కూలి లెక్కగట్టి ఇవ్వండి. బండ్లవాళ్ళ పేర్లు, గుర్తింపు కార్డులు టౌన్ వెండింగ్ కమిటీల దగ్గర ఉండనే ఉన్నాయి.

ఈ ఊరికి విదేశీ అతిథులు ఇంకా వస్తారు, ఇంకా పెద్ద జెండాలు ఎగురుతాయి. వచ్చే అతిథి తేదీ ఖరారైన రోజునే, కాన్వాయ్ దారి గీసే అధికారులు ఆ దారిలో ఎన్ని బండ్లున్నాయో కూడా లెక్క తీయండి. ఆ లెక్క పర్యటన ఖర్చుల్లో మొదటి పద్దుగా రాయండి.